ఎండిందా, ఊరిందా, పులిసిందా, పొగబెట్టిందా: నిల్వ మాంసంలో దేన్ని ఎంతవరకు నమ్మాలి

నిల్వ మాంసం గురించి నన్ను ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "ఎండబెట్టింది మంచిదా, ఉప్పులో ఊరింది మంచిదా, పొగబెట్టింది మంచిదా?" ఒక్క మాటలో జవాబు వచ్చేస్తే బాగుండునని అందరికీ ఉంటుంది. కానీ పద్ధతి పేరు వింటే తెలిసేది చాలా తక్కువ. ఒకే పద్ధతిలో చేసిన రెండు ముక్కల్లో ఒకటి నెలల తరబడి నిక్షేపంగా ఉంటుంది, రెండోది నాలుగు రోజులకే మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుంది. అందుకే పేరు పక్కన పెట్టి, ఈ మాంసంలో బ్యాక్టీరియాను ఆపుతున్నది ఏమిటి, దాన్ని ఎవరైనా కొలిచారా అని అడగాలి.

అంతకంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది.

ముక్కా, కైమానా?

ఉప్పా పొగా అనే తేడా కంటే ఇది పెద్ద తేడా అని నా అభిప్రాయం. ఆరోగ్యంగా ఉన్న జంతువు కండ లోపలి భాగంలో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. చర్మం నుంచి, పేగుల నుంచి, కత్తి నుంచి, చేతుల నుంచి అంటుకునేదంతా పైపైనే ఉంటుంది. ఉప్పు ముందు తగిలేది పైభాగానికే. ఎండ, గాలి, పొగ కూడా అంతే. అంటే శత్రువు ఎక్కడుందో దెబ్బ కూడా అక్కడే పడుతుంది.

కైమా కొట్టగానే ఈ లెక్క తారుమారవుతుంది. పైన ఉన్నదంతా లోపలికి వెళ్లి కలిసిపోతుంది. ఒక్క ముక్కకు అంటిన మురికి మొత్తం గంపకు పాకుతుంది. అందుకే కైమాను పేగు తొడుగులో కూరి, ఉడికించకుండా పులియబెట్టి ఆరబెట్టే సాసేజ్‌లే చరిత్రలో పెద్ద ఇబ్బందులు తెచ్చాయి. 1994లో అమెరికా పశ్చిమ తీరంలో ఆరబెట్టిన సలామి అనే సాసేజ్ వల్ల ఈ.కోలై ఓ157:హెచ్7 అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు వ్యాపించింది. ఆ తర్వాతే అక్కడి అధికారులు, తయారీ మొత్తం పూర్తయ్యేసరికి లక్ష బ్యాక్టీరియా ఉంటే ఒకటి మిగిలేంతగా తగ్గుతుందని చూపించమని తయారీదారులను అడగడం మొదలుపెట్టారు. 1995లో దక్షిణ ఆస్ట్రేలియాలో పులియబెట్టిన మెట్‌వుర్స్ట్ సాసేజ్‌లో ఈ.కోలై ఓ111 రకం చేరి పిల్లల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఒక చిన్నపాప చనిపోయింది. ఈ రకం ఈ.కోలై పులుపును బాగా ఓర్చుకుంటుంది. పైగా జబ్బు చేయడానికి లక్షలు అక్కర్లేదు, వంద లోపు కణాలు చాలు.

కాబట్టి చేతిలో ఉన్నది పచ్చి ముక్కను ఊరబెట్టి ఆరబెట్టిందా, పచ్చి కైమాను పులియబెట్టిందా అని ముందు చూసుకోండి. మెత్తబడటానికి సూదులతో పొడిచిన ముక్కను, లోపలికి ఉప్పునీళ్లు ఎక్కించిన ముక్కను కూడా నేను కైమా లెక్కలోనే వేస్తాను. సూది వెళ్లిన దారిలోనే బ్యాక్టీరియా కూడా వెళుతుంది.

అంకెలు కొన్ని తెలియక తప్పదు

భయపడేంత శాస్త్రం ఏమీ లేదు. బ్యాక్టీరియా తాగడానికి వీలుగా ఎంత నీరు మిగిలిందో చెప్పే కొలతను వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. తాజా మాంసానికి 0.99 దాకా ఉంటుంది. ఎండబెడితే నీరు పోతుంది, ఉప్పు వేస్తే ఉన్న నీటినే ఉప్పు పట్టేసుకుంటుంది. రెండింటి వల్లా ఈ అంకె దిగుతుంది. 0.95 దగ్గర ఈ.కోలై ఆగుతుంది, 0.94 దగ్గర సాల్మొనెల్లా. 0.92 దాకా లిస్టీరియా పెరుగుతూనే ఉంటుంది. అందరికంటే మొండిది స్టాఫిలోకాకస్ ఆరియస్, మన ముక్కులో, చర్మం మీద ఉండేదే. అది 0.86 దాకా దిగినా, పది శాతం దాటిన ఉప్పులోనూ బతికి పెరుగుతుంది. అందుకే బయట ఉంచే ఎండు మాంసానికి 0.85 లోపు అనే గీత గీశారు.

పులుపుకూ ఇలాంటి కొలతే ఉంది, పీహెచ్. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తాజా మాంసానికి 5.5 నుంచి 6 మధ్య ఉంటుంది. బాట్యులిజం (నరాలను చచ్చుబరిచి ప్రాణం తీయగల విషబాధ) తెచ్చే క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా 4.6 దిగితే పెరగదు.

నిల్వ మాంసాల్లో ఎక్కువ వాటిలో ఏ ఒక్క అంకే చివరిదాకా దిగదు. కొంచెం ఉప్పు, కొంచెం పులుపు, కొంచెం ఎండ, కొంచెం చల్లదనం కలిసి పనిచేస్తాయి. జర్మనీలోని కుల్మ్‌బాఖ్ మాంస పరిశోధనా కేంద్రంలో పనిచేసిన లోథార్ లైస్ట్‌నర్ దీన్ని వరుసగా పెట్టిన అడ్డంకుల పరుగుపందెంతో పోల్చి వివరించాడు. ఒక్కో అడ్డంకినీ బ్యాక్టీరియా దాటగలదు, అన్నీ దాటేసరికి దాని ఓపిక అయిపోతుంది. ఈ పోలిక మంచిదే కానీ దాంట్లోనే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో చేసేటప్పుడు "ఉప్పు ఎక్కువైంది, తగ్గిద్దాం" అంటూ ఒక అడ్డంకి తీసేస్తాం, మిగతావి మోస్తాయిలే అనుకుంటాం. అవి మోయకపోవచ్చు.

ఎండు మాంసం: ఇంటికి నా మొదటి ఎంపిక, ఒక షరతుతో

పద్ధతులన్నిటిలో ఎండబెట్టడమే ఇంట్లో చేసుకోవడానికి సులువని నేను నమ్ముతాను. ముక్క పలచగా ఉంటే నీరు త్వరగా పోతుంది. తప్పు జరిగితే చాలాసార్లు కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది.

మొదటిసారి నేను చేసినప్పుడు వేలు మందాన కోశాను. వేడి ఎక్కువ పెడితే త్వరగా అయిపోతుందనుకున్నాను. సాయంత్రానికి పైన చెక్కలా గట్టిపడింది. నాకు ఒకటే సంబరం. మూడో రోజు ఒకటి విరిచి చూస్తే లోపల ఇంకా తడి, పైగా ఒక రకమైన వాసన. పైపొర ముందే బిగుసుకుపోయి లోపలి నీటికి దారి మూసేసిందన్నమాట. మొత్తం పారేశాను. ఇప్పుడు అర సెంటీమీటరు మించి కోయను. మాంసాన్ని సగం గడ్డకట్టించి కోస్తే పలచగా, సమంగా తెగుతుంది.

షరతు ఏమిటంటే, ముందు వేడి చేయాలి. ఎండబెట్టే యంత్రంలో 60 డిగ్రీలు పెట్టాం కదా అనుకుంటాం, కానీ నీరు ఆవిరవుతున్నంతసేపూ ముక్క చల్లగానే ఉంటుంది. చెమట ఆరేటప్పుడు మనకు చల్లగా అనిపించినట్టే. నీరంతా పోయాక ముక్క వేడెక్కుతుంది గానీ, అప్పటికి ఎండిపోయిన బ్యాక్టీరియా వేడిని తట్టుకోవడం నేర్చుకుంటుంది. 1995లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఇంట్లో ఎండబెట్టిన జింక మాంసం తిని కొందరు ఈ.కోలై ఓ157:హెచ్7 బారిన పడ్డారు. అమెరికా వ్యవసాయ శాఖ సలహా కూడా ఇదే: ఎండబెట్టక ముందే ముక్కను లోపల 71 డిగ్రీల సెల్సియస్‌కు, కోడిమాంసమైతే 74కు తీసుకురావాలి, ఆ తర్వాత 54 నుంచి 60 డిగ్రీల మధ్య ఆరబెట్టాలి. ఇలా చేస్తే రుచి కాస్త మారుతుంది, రంగూ మారుతుంది. పచ్చిగా ఆరబెట్టినదాని కమ్మదనం రాదని వాదించేవాళ్లున్నారు, అది నిజమే. ఆ కమ్మదనం కోసం ఎంత రిస్క్ తీసుకుంటామన్నది ఎవరి ఇష్టం వాళ్లది. నేనైతే పిల్లలున్న ఇంట్లో తీసుకోను.

నేరుగా ఎండలో ఆరబెట్టడం గురించి: గాలిలో తేమ తక్కువగా ఉండి, గాలి బాగా ఆడే చోట అది పనిచేసింది, ఇప్పటికీ చేస్తుంది. తేమ ఎక్కువున్న చోట మాత్రం ముక్క ఆరడానికి పట్టే కాలం, బ్యాక్టీరియా పెరగడానికి పట్టే కాలం పోటీపడతాయి. ఈగల సంగతి, దుమ్ము సంగతి ఎలాగూ ఉంది. రాత్రిపూట మళ్లీ తేమ పీల్చుకుంటుంది కూడా. వేడి, గాలి మన చేతిలో ఉండే యంత్రంతో పోలిస్తే ఎండ రెండో స్థానమే.

ఉప్పులో ఊరినది: అంతా ఓపికలో ఉంది

ఉప్పు పట్టించిన పెద్ద ముక్కలో, ఉప్పు ఎముక దాకా చేరడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో ముక్క మధ్యభాగం ఉత్త పచ్చి మాంసమే, దానికి ఏ అడ్డంకీ లేదు, ఒక్క చల్లదనం తప్ప. కాబట్టి ఉప్పు సమంగా పాకేదాకా 5 డిగ్రీల లోపే ఉండాలి. ఇక్కడ తొందరపడితే బయట ఎంత ఉప్పగా ఉన్నా లోపల ఎముక పక్కన కుళ్లు మొదలవుతుంది.

ఈ కథలో బాట్యులిజానికి పెద్ద పాత్ర ఉంది. ఆ పేరే లాటిన్‌లో సాసేజ్ అనే అర్థమున్న "బాట్యులస్" అనే మాట నుంచి వచ్చింది. జర్మనీలోని వుర్టెంబెర్గ్ ప్రాంతపు డాక్టరు యుస్టినుస్ కెర్నర్ 1820లో, 1822లో సాసేజ్ విషం గురించి వివరంగా రాశాడు. ఆ విషాన్ని తన మీదే ప్రయోగించి చూసుకున్న మనిషి. అసలు దోషి దొరికింది మాత్రం 1895లో. బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో ఒక అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన బ్యాండు మేళం వాళ్లు ఉప్పులో ఊరిన హామ్ (పంది తొడ మాంసం) తిన్నారు, ముగ్గురు చనిపోయారు. ఆ హామ్ నుంచి ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ బ్యాక్టీరియాను వేరు చేశాడు. ఉప్పు తగినంత ఉన్నచోట ఆ విషం తయారుకాదని గమనించింది కూడా ఆయనే.

తగినంత అంటే ఎంత? మాంసంలోని నీటిలో ఉప్పు పది శాతం ఉంటే మొండి రకాలు కూడా ఆగుతాయి. 3 డిగ్రీల చలిలోనూ పెరగగలిగే రకాలు ఐదు శాతం దగ్గరే ఆగిపోతాయి. ఇప్పటి నాలుకలకు పది శాతం ఉప్పు తినలేనంత ఎక్కువ. ఆ ఖాళీని పూడ్చడానికే నైట్రైట్ అనే లవణం. దాని గురించి నెట్‌లో కనిపించే రెండు రకాల మాటలూ నాకు నచ్చవు. ఒకరు అది విషం, ముట్టుకోవద్దంటారు. ఇంకొకరు చిటికెడు వేస్తే చాలంటారు. చిటికెలతో వేసే వస్తువు కాదది. 6.25 శాతం నైట్రైట్ కలిపిన గులాబీ రంగు క్యూరింగ్ ఉప్పును కిలో మాంసానికి 2.5 గ్రాములు వేస్తే పది లక్షల్లో 156 వంతులు అవుతుంది. అమెరికాలో కైమా ఉత్పత్తులకు ఉన్న పరిమితి అదే. గ్రాములో పదో వంతు చూపించే తూకం లేకపోతే ఈ పని మొదలే పెట్టకండి. ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వచ్చి ప్రాణం పోతుంది. మామూలు ఉప్పు అనుకుని పొరబడకూడదనే దానికి రంగు వేస్తారు.

నైట్రైట్ బాట్యులినమ్‌ను అణచినంత బాగా సాల్మొనెల్లాను, ఈ.కోలైని అణచలేదు. అది వేశాం కదా అని మిగతావి వదిలేయకూడదు. "నైట్రైట్ కలపలేదు" అని ఉన్న ప్యాకెట్‌లో సెలెరీ అనే ఆకుకూర పొడి ఉంటే, దాంట్లోంచి వచ్చేదీ నైట్రైటే. ఆ లేబుల్ చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

పందిమాంసం, వేటాడిన అడవి జంతువుల మాంసం విషయంలో ఇంకొక చిక్కు: ట్రైకినెల్లా. ఇది బ్యాక్టీరియా కాదు, కండలో దాక్కునే నులిపురుగు. ఉప్పునూ పొగనూ నమ్మి దీన్ని వదిలేయలేం. పందిమాంసం 15 సెంటీమీటర్ల లోపు మందంగా ఉంటే మైనస్ 15 డిగ్రీల దగ్గర 20 రోజులు గడ్డకట్టించి ఉంచితే చస్తుంది. ఎలుగుబంటి లాంటి చలిదేశపు అడవి జంతువుల్లో గడ్డకట్టినా చావని రకాలున్నాయి, వాటిని ఉడికించాల్సిందే.

పులియబెట్టిన సాసేజ్: ఇష్టమే, కానీ కొనుక్కుంటాను

రుచిలో నాకు ఇదే ముందు. ఇంట్లో చేయడంలో ఇదే చివర.

దీంట్లో జరిగేది రెండు జట్ల పరుగు. లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెర తిని పులుపు పుట్టించాలి, అది కూడా స్టాఫిలోకాకస్ పెరిగి విషం వదిలేలోపే. పీహెచ్ 5.3కు ఎంత త్వరగా దిగిందన్నదే ఇక్కడ అసలు పరీక్ష. వేడి ఎక్కువున్న గదిలో గంటలు తక్కువ ఉండాలి, చల్లటి గదిలో కొంత వెసులుబాటు ఉంటుంది. స్టాఫ్ విషం ఒకసారి పుట్టిందా, తర్వాత మరిగించినా పోదు. బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగులుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

పాతకాలంలో పోయినసారి ముద్దలో కొంత కొత్తదాంట్లో కలిపేవారు, లేదా మాంసంలో సహజంగా ఉన్న బ్యాక్టీరియాకే వదిలేసేవారు. తరతరాలుగా అదే గదిలో, అదే చేతులతో చేసేవారికి అది కుదిరేది. కొత్తగా మొదలుపెట్టేవారికి అది లాటరీ. కొన్న స్టార్టర్ కల్చర్ (పులియబెట్టే బ్యాక్టీరియా తోడు), పీహెచ్ మీటర్, తేమ కొలిచే పరికరం, ఈ మూడూ ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. మాకు సంప్రదాయంగా వచ్చిందని తప్ప ఇంకేమీ చెప్పలేని అమ్మకందారు కంటే, ప్రతి విడత పీహెచ్ రాసిపెట్టుకునే చిన్న తయారీదారు నాకు నయం.

బూజు గురించి ఎప్పుడూ గొడవే. పైన పౌడర్ చల్లినట్టు తెల్లగా, పొడిగా ఉన్నది చాలాసార్లు కావాలని వేసిన పెనిసిలియం నాల్జియోవెన్సె. అది మంచిదే. పచ్చగా, నల్లగా, జిగురుగా వస్తే దాన్ని తుడిచి తినమని నేను చెప్పను. కొన్ని పెనిసిలియంలు ఆక్రాటాక్సిన్ అనే విషాన్ని చేస్తాయి, అది తుడిస్తే పోదు. ఇంకో మాట: బాగా మాగిన సాసేజ్‌లలో టైరమిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండవచ్చు. ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు (డిప్రెషన్ లాంటి వాటికి ఇచ్చేవి) వాడేవాళ్లకు దానివల్ల బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

పొగ

పొగను విడిగా లెక్కలో వేయకండి. దాంట్లోని ఫినాల్స్, ఫార్మాల్డిహైడ్ లాంటివి పైపొర మీద బ్యాక్టీరియాను, బూజును ఆపుతాయి, లోపలికి చేరేది తక్కువ. 30 డిగ్రీల లోపు చల్లటి పొగ పెట్టిన మాంసం పచ్చి మాంసమే, వాసన మాత్రం మారింది. దాని భద్రత అంతా ఉప్పులోనో ఎండలోనో ఉండాలి. వేడి పొగలో లోపల 71 డిగ్రీలు దాటితే అప్పుడది ఉడికిన మాంసం, ఫ్రిజ్‌లో పెట్టుకుని తినాలి. ఏ పొగ అన్నది అడగకుండా కొనవద్దు.

కొవ్వులో మునిగినది, వ్యాక్యూమ్ ప్యాక్ చేసినది

గాలి తగలకుండా చేస్తే పాడవదని ఒక నమ్మకం. సగం నిజం. గాలి లేకపోతే కొవ్వు చేదెక్కదు, బూజు రాదు. కానీ బాట్యులినమ్‌కు కావాల్సింది సరిగ్గా ఆ గాలి లేని చోటే. మాంసం ఉడికేటప్పుడు దాని విత్తుల్లాంటి స్పోర్లు చావవు, వాటికి ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. ఆపైన కరిగిన కొవ్వో నూనెనో పోసి మూత పెడితే వాటికి గది కట్టిచ్చినట్టే. ఉప్పు, పులుపు తగినంత లేనిది ఏదైనా ఇలా దాచి బయట పెట్టవద్దు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే నిశ్చింత. చలిలో పెరిగే బాట్యులినమ్ రకాలు కుళ్లు వాసన కూడా రానివ్వవు కాబట్టి ముక్కును నమ్ముకుంటే లాభం లేదు. అనుమానం వస్తే రుచి చూడటం కూడా వద్దు.

ఉడికించినది కదా అనుకునేవారికి

ఉడికించి, ముక్కలుగా కోసి, చల్లగా అమ్మేవి అన్నిటికంటే సేఫ్ అనిపిస్తాయి. 2017–18లో దక్షిణాఫ్రికాలో పొలోనీ అనే ఉడికిన మాంసం ఉత్పత్తి ద్వారా వచ్చిన లిస్టీరియా వ్యాప్తి, ప్రపంచంలో నమోదైన లిస్టీరియా వ్యాప్తుల్లోకెల్లా పెద్దది. వెయ్యికి పైగా కేసులు, 200కు పైగా మరణాలు. బాధితుల్లో నెల లోపు పసికందుల వాటా చాలా పెద్దది. ఉడకడంలో లోపం లేకపోయినా, ఉడికాక కోసే బల్ల, కత్తి, చేతి తొడుగు మీంచి లిస్టీరియా మళ్లీ ఎక్కగలదు. ఆపైన పోటీకి వేరే బ్యాక్టీరియా ఉండదు. ఫ్రిజ్ దానికి అడ్డు కాదు, నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. బాగా ఎండిన ముక్క మీద ఇలా పెరగలేదు. తెరిచిన ప్యాకెట్‌ను రెండు మూడు రోజుల్లో ముగించమనేది అందుకే.

మరి ఎవరు ఏది తీసుకోవాలి?

గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, కేన్సర్ చికిత్సలోనో అవయవ మార్పిడి తర్వాతో ఉన్నవాళ్లు: పచ్చిగా ఊరినది, పచ్చిగా పులిసినది, చల్లటి పొగ పెట్టినది మూడూ వద్దు. కోసి చల్లగా అమ్మే ఉడికిన మాంసం కూడా పొగలు కక్కేదాకా వేడిచేశాకే. ముందు వేడిచేసి ఎండబెట్టినది ఫరవాలేదు.

ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లు ఎండు ముక్కతో మొదలుపెట్టండి. అది చేతికి పట్టుబడ్డాక, ఫ్రిజ్‌లో చోటు, తూకం ఉంటే చిన్న ముక్కకు ఉప్పు పట్టించి చూడండి. ఎముక ఉన్న పెద్ద తొడ జోలికి మొదటి ఏడాది పోవద్దు. ఊరబెట్టేముందు బరువు రాసుకోండి, మళ్లీ ఆరాక తూచండి. మూడో వంతు బరువైనా తగ్గకపోతే అది ఇంకా ఫ్రిజ్ వస్తువే, ఎంత గట్టిగా కనిపించినా. కైమా సాసేజ్ చేయాలని మనసు లాగితే పచ్చిగా చేసి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుని, తినేరోజు 71 డిగ్రీలకు ఉడికించుకోండి. పులియబెట్టే ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

కొనేవాళ్లు "ఫ్రిజ్‌లో ఉంచాలి" అన్న మాట ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. ఉంటే దాని భద్రతలో చల్లదనం ఒక భాగమని తయారీదారే ఒప్పుకున్నట్టు. అలాంటిదాన్ని దుకాణంలో బయట వేలాడదీసి అమ్ముతుంటే, అక్కడి నుంచి కదలండి. ఆ మాట లేకుండా బయటే అమ్మేదైతే, వాటర్ యాక్టివిటీ ఎంత, పీహెచ్ ఎంత అని అడగండి. అంకె చెప్పగలిగినవాడి దగ్గర కొనండి.